కారణం ఎవరికి తెలుసు?

మొన్న మార్చిలో మా ఆఫీసులో రెండు గంటల డైవర్సిటీ ట్రైనింగ్ పెట్టారు. మేముండేది నార్త్ కరొలైనాలోని షార్లెట్. ఇరవై మందిమి గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి మా టీములో పాతికేళ్ళుగా ఉన్న ఒక తెల్లాయన, "ఇన్నేళ్ళలో ఈ ఆఫీసులో రేసిజం అనేది నేనొక్కసారి కూడా చూడలేదు" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మా అమ్మాయి పుట్టినప్పుడు భార్యతో కలిసి వచ్చి మాకు వారానికి సరిపడా వంట చేసి ఇచ్చి వెళ్ళాడు. అయినా ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. నువ్వు చూడకపోతే లేనట్టేనా అనిపించింది.

ట్రైనింగ్ ఇస్తున్నావిడ నా మొహం గమనించినట్టుంది. మీ అనుభవం చెబుతారా అని అడిగింది. చెప్పాను. ఇంటిపేరు పలకలేక నన్ను రెండక్షరాలకి కుదించిన మేనేజర్ గురించి, షాపులో "నీ అసలు దేశం ఏది" అని అడిగిన పెద్దావిడ గురించి, కాన్సాస్‌లో ఒక తెలుగాయన్ని కాల్చి చంపిన తర్వాత కొన్ని వారాల పాటు బయట తెలుగులో మాట్లాడడానికి భయపడిన సంగతి గురించి. చెబుతుంటే గొంతు వణికింది. అందరూ తలలూపారు. ఆ తెల్లాయన కూడా మనస్ఫూర్తిగా సారీ చెప్పాడు. ఆ గదిలో ఇద్దరు నల్లవాళ్ళు ఉన్నారు. ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

సాయంత్రం పార్కింగ్‌లో ఆ ఇద్దరిలో ఒకావిడ ఎదురైంది. అరవైకి దగ్గర్లో ఉంటుంది, నాకంటే చాలా సీనియర్. బాగా చెప్పావంది. కారు తలుపు తీస్తూ ఆగి, "మీ దేశంలో కులాలు ఉంటాయని చదివాను. అందులో మీది ఏ వైపు?" అని అడిగింది. అదో పెద్ద కథ, అంత తేలిగ్గా చెప్పలేను అన్నాను. సరేనని కారెక్కి వెళ్ళిపోయింది.

నిజానికి అందులో అంత తేలిగ్గా చెప్పలేనిదేమీ లేదు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. కమ్మవాళ్ళం. ఊళ్ళో పొలాలున్న కులం. ఒక్క మాటలో అయిపోయే జవాబు. ఎందుకు చెప్పలేదా అని ఇన్ని నెలలుగా ఆలోచిస్తున్నాను. ఈ పోస్టు అందులోంచి వచ్చిందే.

దెబ్బ తిన్నవాళ్ళకి తెలిసేది

వివక్ష గురించి మాట్లాడే అధికారం దాన్ని అనుభవించినవాళ్ళదే అన్న మాట ఇక్కడ తరచూ వింటాను. మన దగ్గరా కొత్తేమీ కాదు. దళిత సాహిత్యం దళితులే రాయాలా, సహానుభూతితో రాసినది స్వానుభవంతో రాసినదానికి సాటి వస్తుందా అని మనవాళ్ళు పత్రికల్లో ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఆ మాటలో ఉన్న నిజం ఎంతో నాకు 2017 ఫిబ్రవరిలో ఒంటికి తెలిసింది. ఆ నెల 22న కాన్సాస్‌లోని ఓలేత్‌లో, ఆఫీసు అయ్యాక స్నేహితుడు అలోక్ మాదసానితో కూర్చుని ఉన్న కూచిభొట్ల శ్రీనివాస్‌ని, నా దేశం నుంచి వెళ్ళిపొండంటూ ఒకడు కాల్చి చంపాడు. ఆ రాత్రి మా అమ్మ ఫోన్ చేసి, బయట తెలుగులో గట్టిగా మాట్లాడకండమ్మా అంది. ఆ తర్వాత గ్రాసరీ షాపులో మా అమ్మాయి "అమ్మా, మామిడికాయలు!" అని అరిస్తే నేను చటుక్కున దాని నోరు మూశాను. దానికప్పుడు నాలుగేళ్ళు. ఆ క్షణం నాకు తెలిసినది ఏ పుస్తకమూ నాకు నేర్పి ఉండేది కాదు.

కానీ ఆ క్షణం నాకు నేర్పింది ఏమిటి? భయం ఎలా ఉంటుందో నేర్పింది. ఆ హంతకుడు అలా ఎందుకు తయారయ్యాడో, తుపాకీ చట్టాలు ఎలా ఉండాలో, ఇమిగ్రేషన్ మీద ఏ వాదన సరైనదో నేర్పలేదు. వాటి గురించి నా అభిప్రాయాలు ముందు రోజు ఎంత అరకొరగా ఉన్నాయో మర్నాడూ అంతే. మారిందల్లా, నేను చెబితే ఎదుటివాళ్ళు కాదనడానికి మొహమాటపడడం.

ఆ రాత్రి గురించి ఇంకో సంగతి ఉంది. అక్కడే ఉన్న ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్ల యువకుడు హంతకుడిని ఆపబోయాడు. తూటా అతని చేతిలోంచి ఛాతీలోకి దూసుకుపోయింది. బతికాడు. జాతి వివక్ష గురించి నీకేం తెలుసు, నువ్వు తెల్లవాడివి కదా అని అతన్ని అడగగలమా? ఇక్కడ నన్ను నేను ఆపుకోవాలి. ధైర్యం వేరు, తెలియడం వేరు. ఒక మనిషి మంచితనం చూపించి పెద్ద ప్రశ్నని దాటెయ్యకూడదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

అనుభవం అనే మాటతో నాకున్న ఇబ్బంది మరొకటి. ఇక్కడ తెల్లవాళ్ళు కానివాళ్ళందరినీ ఒకే గొడుగు కింద నిలబెట్టే మాట ఒకటుంది, పీపుల్ ఆఫ్ కలర్ అని. ఆ గొడుగు కింద నేనూ ఉన్నాను, పార్కింగ్‌లో నన్ను ప్రశ్న అడిగినావిడా ఉంది. ఒకసారి హైవే మీద స్పీడు ఎక్కువైందని పోలీసు నన్ను ఆపాడు. మర్యాదగా మాట్లాడి, వార్నింగ్ ఇచ్చి పంపేశాడు. నా టెన్షనంతా ఇన్సూరెన్సు పెరుగుతుందేమోనని. ఆవిడ కొడుకులిద్దరికీ డ్రైవింగ్ నేర్పేటప్పుడు బ్రేకు కంటే ముందు, పోలీసు ఆపితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పిందట. ట్రైనింగ్ గదిలో నాకు దొరికిన గౌరవంలో చాలా భాగం నా అనుభవం సంపాదించింది కాదు, ఆవిడ కొడుకుల అనుభవం సంపాదించింది. నేను దాన్ని అరువు తెచ్చుకుని నా పేరు మీద ఖర్చు పెట్టాను.

ఒకే రంగు, రెండు తీర్పులు

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పిచ్చింది. హార్వర్డ్ మీదా, మా రాష్ట్ర యూనివర్సిటీ మీదా వేసిన కేసులవి. ఆ కోర్టులో ఇద్దరు నల్లజాతి జడ్జీలున్నారు. క్లారెన్స్ థామస్ 1948లో జార్జియాలోని పిన్ పాయింట్ అనే పేద పల్లెలో పుట్టాడు. జాతుల్ని చట్టప్రకారం వేరుగా ఉంచిన రోజుల్లో పెరిగాడు. కెటాంజి బ్రౌన్ జాక్సన్ 1970లో పుట్టింది, ఆ కోర్టులో మొదటి నల్లజాతి మహిళ. జాతిని లెక్కించడం తప్పని థామస్, లెక్కించకపోతే అన్యాయం కొనసాగుతుందని జాక్సన్. ఇద్దరూ తీర్పుల్లో ఒకరి వాదనని ఒకరు నేరుగా ఖండించుకున్నారు.

చర్మం వల్ల అభిప్రాయానికి అధికారం వస్తుందంటే ఇక్కడ ఎవరి మాట వినాలి? కష్టాలే కొలతైతే థామస్ బాల్యం జాక్సన్ బాల్యం కంటే చాలా గడ్డుది. నాకు థామస్ అభిప్రాయం తప్పనిపిస్తుంది. నాలాగే అనుకునే స్నేహితులతో ఈ మాటంటే, "ఆయన అసలు నల్లవాడే కాదులే" అంటారు. ఆ మాట నాకు మింగుడు పడదు. అభిప్రాయం నచ్చినప్పుడు పుట్టుకని సాక్ష్యంగా చూపించి, నచ్చనప్పుడు ఆ పుట్టుకనే కొట్టిపారేస్తే, మనం చూస్తున్నది పుట్టుకని కాదు. మనకి ముందే ఉన్న అభిప్రాయానికి సాక్షుల్ని వెతుక్కుంటున్నాం.

ఎస్సీ వర్గీకరణ గొడవ చూస్తూ పెరిగినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఎస్సీ రిజర్వేషన్లని కులాలవారీగా పంచాలంటూ 1994లో మాదిగ దండోరా మొదలైనప్పటి నుంచి, అలా పంచొచ్చని మన సుప్రీంకోర్టు ఇచ్చిన 2024 ఆగస్టు 1 తీర్పు దాకా ముప్ఫై ఏళ్ళు. మాదిగలూ మాలలూ ఇద్దరూ అంటరానితనం అనుభవించినవాళ్ళే. అనుభవించినవాళ్ళే చెప్పాలి అని కూర్చుంటే ఆ తగువు ఎప్పటికీ తేలదు. లెక్కలు చూడాలి, ఎవరికి ఎన్ని సీట్లు, ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో చూడాలి. కానీ ఇంకోటి కూడా ఉంది. ఆ లెక్కలు తియ్యమని అడగాలన్న ఆలోచనే మాదిగల అనుభవంలోంచి పుట్టింది. "ఎస్సీ" అనే పెద్ద పేరు బయటినుంచి చూసేవాళ్ళకి ఏ తేడా కనిపించనివ్వలేదు. మా ఇంట్లోనైతే అసలే కనిపించలేదు. అందుకని అనుభవం దేనికీ పనికిరాదని తీసిపారెయ్యలేను. ఏ ప్రశ్న వెయ్యాలో అది చెబుతుంది. జవాబు సరైనదేనా అన్నది వేరే పద్ధతిలో తేల్చుకోవాలి.

సంగతులు చెప్పు, చాలు

ఇక్కడిదాకా వచ్చాక నేను హాయిగా ఒక మాట దగ్గర ఆగిపోయేదాన్ని. దెబ్బ తిన్నవాళ్ళు సాక్షులు. వాళ్ళు చెప్పింది విందాం. దానికి అర్థం, పరిష్కారం అందరం కలిసి ఆలోచిద్దాం. చాలా ఏళ్ళు ఇదే నా అభిప్రాయం. ఎవరి మనసూ నొప్పించని అభిప్రాయం.

బానిసగా పుట్టి నల్లవాళ్ళ నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ జీవితం చదివాక అది నాకు తీపిగా అనిపించడం మానేసింది. డగ్లస్ 1838లో బానిసత్వం నుంచి తప్పించుకున్నాడు. 1841లో బానిసత్వ వ్యతిరేక సంఘం వాళ్ళు అతన్ని సభలకి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి డగ్లస్‌కి తన కథ చెప్పిందే చెప్పి విసుగొచ్చింది. బానిసత్వం ఎందుకు తప్పో తన ఆలోచనలు చెప్పబోయాడు. అప్పుడు సంఘం జనరల్ ఏజెంట్ జాన్ కాలిన్స్ అతనితో అన్న మాటని డగ్లస్ 1855 నాటి తన ఆత్మకథలో రాసుకున్నాడు. నువ్వు జరిగిన సంగతులు చెప్పు, తాత్త్విక చర్చ మేం చూసుకుంటాం అన్నాడట. మాటల్లో కాస్త తోటల్లో పనిచేసే బానిసల యాస ఉంటేనే మంచిది, మరీ చదువుకున్నవాడిలా కనిపించకు అని కూడా చెప్పారట. అలా అన్నవాళ్ళు శత్రువులు కారు. బానిసత్వం పోవాలని అతనితో కలిసి పోరాడుతున్నవాళ్ళు.

నేను న్యాయంగా ఉందనుకున్న పని విభజన అచ్చం ఇదే. నువ్వు గాయం చూపించు, ఆలోచన మేం చేస్తాం. డగ్లస్ ఒప్పుకోలేదు. 1847లో, గురువులాంటి ఉద్యమ నాయకుడు గారిసన్ వద్దన్నా వినకుండా, సొంత పత్రిక పెట్టాడు.

ఇంకో ఉదాహరణ 1959 నాటిది. టెక్సస్‌కి చెందిన జాన్ హోవర్డ్ గ్రిఫిన్ అనే తెల్ల రచయిత మందులు వాడి, దీపాల కింద కూర్చుని చర్మం నల్లబరుచుకుని దక్షిణాది రాష్ట్రాల్లో కొన్ని వారాలు నల్లవాడిలా తిరిగాడు. 1961లో వచ్చిన అతని పుస్తకం లక్షల మంది చదివారు. తాగడానికి నీళ్ళు, మూత్రానికి చోటు వెతుక్కోవడం దగ్గర్నుంచి అతను రాసిందంతా అప్పటికి లక్షలాది మంది నల్లవాళ్ళు రోజూ చెబుతున్నదే. నమ్మకం మాత్రం అతనికి దొరికింది.

కాబట్టి "నిజం ఎవరు చెప్పినా నిజమే, మనిషిని చూడకు, మాట చూడు" అని మనం అన్నప్పుడు, ఆ త్రాసు ఇంతకాలం సమానంగానే ఉందని ఊహించుకుంటున్నాం. అది ఎప్పుడూ ఒక వైపు వంగే ఉంది. ముందు మా మాట వినండి అని నల్లవాళ్ళు అడుగుతున్నారంటే, ఆ వంగిన త్రాసులో రెండో వైపు రాయి వేస్తున్నారు. ఆ రాయి అవసరం నాకు అర్థమవుతుంది. దాన్ని నిజంతో కలిపేస్తేనే నాకు పేచీ.

రాని ఫోను

మేరియన్ బెర్‌ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు బోస్టన్, షికాగో పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకి సుమారు 5,000 కల్పిత రెజ్యూమేలు పంపారు. ఒకే రకం చదువు, ఒకే రకం అనుభవం. కొన్నింటి మీద ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవాళ్ళ పేర్లు, కొన్నింటి మీద లకీషా, జమాల్ లాంటి నల్లవాళ్ళ పేర్లు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. తెల్ల పేర్లకి పది రెజ్యూమేలకి ఒక ఫోన్ వస్తే, నల్ల పేర్లకి పదిహేనింటికి ఒకటి వచ్చింది. ఆ ఇద్దరిలో ఎవరూ నల్లవాళ్ళు కారు. బెర్‌ట్రాండ్‌ది బెల్జియం, ముల్లైనాథన్ తమిళనాడులో పుట్టాడు.

ఈ పరిశోధన గురించి మొదటిసారి చదివినప్పుడు నేను ఆగిపోయింది ఆ రాని ఫోను దగ్గర. నిజంగా జమాల్ అనే కుర్రాడు ఒకడున్నాడనుకోండి. అతనికి తెలిసేది ఫోన్ రాలేదన్నదొక్కటే. ఎందుకు రాలేదో తెలియదు. పోటీ ఎక్కువేమో, రెజ్యూమే బాగాలేదేమో, పేరు వల్లేమో. అనుమానపడగలడు. పడితే ప్రతిదానికీ రేసిజం అంటావేంటి అంటారు. పడకపోతే తన మీదే తనకి నమ్మకం పోతుంది. వివక్షలో చాలా భాగం దెబ్బలా వచ్చి తగలదు. ఏదీ జరగకపోవడంలా ఉంటుంది. జరగనిదానికి సాక్షి ఎవరు?

కోవిడ్‌లో మనందరం వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ సంగతీ ఇలాంటిదే. ఒంట్లో ఆక్సిజన్ పడిపోయినా అది చూపించకపోవడం తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లవాళ్ళలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని మిషిగన్ డాక్టర్లు 2020 డిసెంబరులో రాశారు. మంచం మీదున్న మనిషికి అది ఎంత అనుభవించినా తెలిసే వీలు లేదు.

పార్కింగ్‌లో మాట్లాడినావిడ తర్వాత ఒకసారి లంచ్‌లో చెప్పింది. వాళ్ళ నాన్న పుట్టింది షార్లెట్ నడిబొడ్డున బ్రుక్లిన్ అనే నల్లవాళ్ళ పేటలో. 1960ల్లో నగరాభివృద్ధి పేరుతో ఇళ్ళు, చర్చీలు, దుకాణాలు దాదాపు అన్నీ పడగొట్టేశారు. ఆ జాగాలో కొంత ఇప్పుడు మార్షల్ పార్కు. పద్నాలుగేళ్ళుగా నేనక్కడ బెంచీల మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాను, నాకీ సంగతి తెలియదు. ఆవిడకీ చిన్నప్పుడు తెలిసింది ఇల్లు పోయిందని మాత్రమేనట. ఫెడరల్ డబ్బు ఎలా వచ్చింది, ఆ పేటనే ఎందుకు ఎంచుకున్నారు అన్నది పెద్దయ్యాక లైబ్రరీలో కూర్చుని చదువుకుంది. ఇల్లు పోయినవాళ్ళ కూతురు కాబట్టే చదవాలనిపించింది. కానీ చదివితేనే తెలిసింది.

పై పోర్షన్

సరే, ఫోన్ ఎందుకు రాలేదో జమాల్‌కి తెలియదు. మరి ఎవరికి తెలుసు? ఫోన్ చెయ్యనివాళ్ళకి తెలుసు. కనీసం ఆ గదిలో పక్క కుర్చీలో ఉన్నవాళ్ళకి తెలుసు. ఇది తట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను ఆ పక్క కుర్చీలో కూర్చున్నాను.

గుంటూరులో మాకు రెండంతస్తుల ఇల్లుండేది. పై పోర్షన్ అద్దెకిచ్చేవాళ్ళం. నేను ఎంసీఏ చదువుతున్న రోజుల్లో ఒక సాయంత్రం కొత్తగా పెళ్ళైన జంట టులెట్ బోర్డు చూసి వచ్చారు. ఆ అబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం. నాన్న కూర్చోబెట్టి మాట్లాడాడు. ఏ ఊరు, ఇంటిపేరేంటి, నాన్నగారేం చేస్తారు, మీ ఊళ్ళో ఫలానావాళ్ళు తెలుసా, ఇల్లు ఏ వైపు. అద్దెకి దిగాలన్నవాళ్ళని అడగాల్సిన ప్రశ్నలు కావవి. కులం పేరెత్తకుండా కులం తెలుసుకునే ప్రశ్నలు. ఎదుటివాళ్ళకీ అవి ఎందుకో తెలుసు. నేను వంటింట్లో వాళ్ళ కోసమే కాఫీ కలుపుతున్నాను. నాన్న గొంతు ఒక్కసారి మారింది, ఇంకా మర్యాదగా అయింది. "అయ్యో, పొద్దున్నే మా బంధువులు అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారండీ, బోర్డు తియ్యడం మర్చిపోయాం" అన్నాడు. వాళ్ళు థాంక్సండీ అని లేచారు. కాఫీ గ్లాసులు నా చేతిలోనే ఉండిపోయాయి. తర్వాత నాన్న అమ్మతో అన్న మాట ఇక్కడ రాయను. పై పోర్షన్ మూడు నెలలు ఖాళీగా ఉంది.

ఆ అబ్బాయి ఈ సంగతి ఎక్కడైనా చెబితే, రుజువేంటి, నిజంగానే బంధువులు అడ్వాన్సు ఇచ్చారేమో, ప్రతిదాంట్లో కులం చూస్తావెందుకు అనేవాళ్ళు వందమంది ఉంటారు. రుజువు అతని దగ్గర లేదు. నా దగ్గర ఉంది. ఇరవై మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

పీడితుల్లో పుట్టడం వల్ల మాటకి అధికారం వస్తుందా రాదా అని ఇన్నాళ్ళు వాదించుకుంటున్నాం కానీ, రెండో వైపున పుట్టినవాళ్ళ దగ్గరున్న సాక్ష్యం గురించి మనం మాట్లాడడం లేదు. వివక్షకి రెండు ముక్కలున్నాయి. అది ఎలా తగులుతుందో ఒక వైపు వాళ్ళకి తెలుసు. ఎందుకు, ఎవరు, ఏ మాటతో చేశారో చాలాసార్లు రెండో వైపు వాళ్ళకే తెలుసు. మన అభిప్రాయాలు ఎవరికీ అంత అవసరం లేదు, మనింట్లో విన్న మాటలు అవసరం. తలుపు మూశాక భోజనాల దగ్గర, సంబంధాలు చూసేటప్పుడు, ఇంటర్వ్యూ ప్యానెల్లో అభ్యర్థి బయటికి వెళ్ళాక ఏమనుకుంటామో చెప్పగలిగేది మనమే. నీకేం తెలుసు, నువ్వు ఆ కులం కాదు కదా అంటే, నాకు తెలిసింది ఇది అని చెప్పగలను. నా పుట్టుక నాకిచ్చిన అధికారం ఏదైనా ఉందంటే అదొక్కటే.

దీనికి అడ్డు వచ్చే మాట కూడా నాకు తెలుసు. ఇలా ఒప్పుకోవడం కూడా ఒక రకమైన మెప్పు సంపాదన కాదా? గ్రిఫిన్ లాగే, మళ్ళీ మా మాటకే ఎక్కువ నమ్మకం దొరకదా? దొరకొచ్చు. ఈ పోస్టుకి వచ్చే మెచ్చుకోళ్ళు ఆ బ్యాంకు అబ్బాయి రాస్తే వచ్చేవి కావేమో. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చెప్పకుండా ఉండడం దానికంటే మేలని మాత్రం అనిపించడం లేదు.

మేమెప్పుడూ చూడలేదు

1923 నాటి ఒక కేసు నాకు తరచూ గుర్తొస్తుంది. పంజాబ్ నుంచి వచ్చి అమెరికా సైన్యంలో కూడా పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం అడిగాడు. అప్పటి చట్టంలో అది తెల్లవాళ్ళకీ ఆఫ్రికా సంతతివాళ్ళకీ మాత్రమే. తను అగ్రకులానికి చెందిన ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాణ్ణేనని వాదించాడు. అగ్రకుల హిందువులు భారతదేశంలోని ఆదిమ జాతులవాళ్ళని, పెళ్ళి సంబంధాల విషయంలో, అమెరికన్లు నల్లవాళ్ళని చూసినట్టే చూస్తారని కూడా అతని తరఫున కోర్టుకి చెప్పారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల్లో చాలామంది కూడా దాన్ని పోగొట్టుకున్నారు. మళ్ళీ ఆ తలుపు తెరుచుకుంది 1946లో.

జాతి వివక్షకి నిలువునా గురైన మనిషి, దాన్నుంచి బయటపడడానికి తన కులాన్ని చూపించాడు. థింద్‌ని నేను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. బతకడానికి దొరికిన ఆసరా పట్టుకున్నాడు. కానీ ఒక చోట దెబ్బ తిన్నంత మాత్రాన ఇంకో చోట కొట్టే చెయ్యి కనిపించదని ఆ కాగితాల్లో ఉంది.

వందేళ్ళ తర్వాత, 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షని నిషేధించింది. ఆ చట్టాన్ని ప్రతిపాదించిన కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టింది, ఆ మాట తనే చెప్పుకుంది. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు చట్టసభలు దాటింది. అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టకుండా వెనక్కి పంపాడు. ఆ నెలల్లో మా షార్లెట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది. చట్టం ఎలా రాయాలన్న దాని మీద నిజమైన సందేహాలున్నవాళ్ళూ ఉన్నారు. పాత చట్టాలు చాలవా, ఒక సమూహం మీదే అనుమానం పడేలా చేస్తుందా అన్నవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఎక్కువమంది రాసింది వేరు. "ఇక్కడ కులం ఎక్కడుందండీ? ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాం, మేమెప్పుడూ చూడలేదు." ఆ మెసేజ్ కింద నలభై బొటనవేళ్ళు. అందులో ఒకటి నాది.

ఆ రాత్రి గ్రూపులోంచి ఒకాయన ఎవరికీ చెప్పకుండా తప్పుకున్నారు. ఆరేళ్ళుగా మా పాట్‌లక్‌లకి వచ్చే కుటుంబం. వాళ్ళావిడ గోంగూర పచ్చడి కోసం మా పిల్లలు కొట్టుకునేవాళ్ళు. ఎందుకు వెళ్ళారని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. కారణం కులమే అయి ఉంటుందని నేననుకుంటున్నాను, కాకపోవచ్చు కూడా. అడిగితే గానీ తెలియదు. మొన్న వారం ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేస్తాను.

ట్రైనింగ్ గదిలో తెల్లాయన మాటకి నాకు ఒళ్ళెందుకు మండిందో ఇంటికొచ్చాక ఆ మెసేజ్ వెతికి మళ్ళీ చదివినప్పుడు అర్థమైంది. ఇద్దరిదీ ఒకే వాక్యం.

పోయిన శుక్రవారం పార్కులో ఆవిడ పక్కన కూర్చుని, మార్చిలో నువ్వడిగిన ప్రశ్నకి జవాబు చెబుతానన్నాను. కొట్టే వైపు అన్నాను. అంటే, అని అడిగింది. పై పోర్షన్ సంగతి చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నది. నాన్న గురించి ఏదైనా అంటుందేమోనని భయపడ్డాను, ఏమీ అనలేదు. కాసేపాగి అడిగింది, "ఆ అబ్బాయికి అర్థమైందంటావా?"

తెలియదన్నాను. వాళ్ళు మెట్లు దిగుతుంటే నేను చూడలేదు, వంటింట్లోనే ఉండిపోయాను అని చెప్పాను.

"అర్థమయ్యే ఉంటుంది," అంది.